పదో మెట్టు మీద వాలిన పిట్ట

గిటారు విషయంలో నాది కొంచెం పొడిబారిన అభిరుచి. పై పలక స్ప్రూస్ కర్రది, వెనకా పక్కలా మహాగని, సౌండ్ హోల్ చుట్టూ రెండు సన్నని గీతలు, అంచున ఒక నల్లని పట్టీ ఉంటే చాలు. అంతకు మించి ఏది మెరిసినా కర్రలోని లోపమేదో దాని కింద దాక్కుని ఉందేమోనని నాకు అనుమానం. నా గిటారు మెడ మీద ముందువైపు, ఏ మెట్టు ఎక్కడుందో చెప్పే చుక్కలు కూడా లేవు. వాయించేవాడికి మాత్రమే కనిపించేలా మెడ పక్క అంచున చిన్న తెల్ల చుక్కలున్నాయి, అవే నాకు ఆధారం. అయితే మా గుంటూరు, విజయవాడల మధ్య సాదా వస్తువును మనిషి ఏరికోరి కొనుక్కుంటాడంటే నమ్మేవారు లేరు. డబ్బు చాలక సరిపెట్టుకున్నాడనీ, పైకి మాత్రం అభిరుచి అంటున్నాడనీ అనుకుంటారు. జరిగిన అనర్థానికంతటికీ మూలం ఈ జాలిగుణమే.

నిజానికి అలంకారమంటే నాకు పగ ఏమీ లేదు, దానికి ఏదో ఒక పని ఉండాలన్నదే నా వాదన. అంచున వేసే బైండింగ్ ఉందంటే, అది కర్ర అడ్డకోతకు దెబ్బ తగలకుండా, తేమ ఎక్కకుండా కాపాడుతుంది. కృష్ణ ఒడ్డున కాపురముండేవారికి తేమ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలోని మార్టిన్ కంపెనీ డీ-28 అనే గిటారు అంచున చేపముల్లు వరసలో ఏటవాలుగా పేర్చే హెర్రింగ్‌బోన్ పట్టీని చూస్తే నాకు కూడా మనసు కరుగుతుంది. వారు దాన్ని 1947 ప్రాంతంలో మానేసి, అడిగేవారి పోరు పడలేక కాబోలు, 1976లో హెచ్‌డీ-28 పేరుతో మళ్లీ తెచ్చారు. అదే కంపెనీ 1933లో జీన్ ఆట్రీ అనే గాయక నటుడి కోసం మొదటి డీ-45 చేసినప్పుడు అంచులన్నిటా అబలోన్ అనే మెరిసే సముద్రపు గవ్వ పొదిగి, మెడ మీద ఆయన పేరును ముత్యపుచిప్ప అక్షరాలతో రాసింది. తన పేరు తనకు వేళ్ల కిందే కనిపించాలని కోరుకునే మనిషి మనసు నాకు ఎన్నటికీ అర్థం కాదు. ఇక గిబ్సన్ వారు 1960లో హమ్మింగ్‌బర్డ్ అని ఒకటి, 1962లో డవ్ అని ఇంకొకటి తెచ్చి, మీటేటప్పుడు గీతలు పడకుండా పై పలకకు అంటించే పిక్‌గార్డ్ మీదికి పిట్టలను ఎక్కించారు. అవి మోగితే బాగానే మోగుతాయి, దానికి నేను అడ్డు చెప్పను. కానీ పిట్ట గిటారుకు ఏ విధంగా సాయపడుతుందో చెప్పమని అడిగితే ఇంతవరకు ఎవరూ తృప్తికరమైన సమాధానం ఇవ్వలేదు. ఈ ప్రశ్నను నేను బంధువుల ఇళ్లలో, భోజనాలయ్యాక, చాలాసార్లు అడిగి ఉన్నాను. మా బంధువులకు గిటార్ల మీద ఉన్న ఆసక్తి అంతటితో తీరిపోయింది.

మా బావమరిది నిశ్చితార్థం బ్రాడీపేటలో పెట్టుకున్నారు. మా పెద్దత్తగారు, అంటే మా అత్తగారి అక్కగారు, ఆ సందర్భంలో ఒక పెళ్లి పాట పాడాలనీ, నేను పక్కన గిటారు మీద శ్రుతి పట్టాలనీ నిర్ణయం జరిగింది. వానాకాలపు తేమకు పై పలక ఉబ్బి, తీగలు మెడకు ఎడంగా లేచి, నొక్కితే వేళ్లు వాచేలా ఉండటంతో, గిటారును విజయవాడ గవర్నర్‌పేట వైపున్న ఒక దుకాణంలో సరిచేయించడానికి ఇచ్చాను. యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి డిజైన్ ఏమీ రాలేదా సార్?” అని అడిగాడు. వద్దనే తీసుకున్నానండీ అని చెప్పాను. ఆయన చాలా మర్యాదగా తల ఊపాడు. ఆస్పత్రిలో మంచం మీదున్నవాడు తనకేమీ కాలేదంటే మనం ఊపేది కూడా ఆ విధంగానే. నిశ్చితార్థం రోజున మధ్యాహ్నం వెళ్లి, డబ్బు కట్టి, సంచీ జిప్పు తెరిచి చూసుకునే వ్యవధి కూడా లేక, నెహ్రూ బస్టాండుకు పరుగెత్తి గుంటూరు బస్సు ఎక్కాను.

వేదిక మీద, మైకుల మధ్య, వందమంది ఎదుట, నేను ఆ జిప్పు తెరిచాను.

ముందు నాది కాదేమో అనుకున్నాను. మెడ మీద ఐదు పిట్టలున్నాయి. ముత్యపుచిప్పలా తళతళలాడే పల్చని స్టిక్కరు పిట్టలు, ఒక్కొక్కటి రెక్కలు ఒక్కో రకంగా విప్పుకుని, దబ్బనమంత ముక్కును, తీగలు బిగించే తలపెట్టు వైపు చాచి ఎగురుతున్నాయి. సౌండ్ హోల్ చుట్టూ ఒక లత, ఆ లతకు గులాబీ రంగు పూలు, పూలకు బొడ్డులో మెరుపు పొడి. అన్నిటికంటే ఘోరం, మెడ పక్క అంచు పొడవునా బంగారు రంగు టేపు అంటించి ఉంది. నాకున్న ఒకే ఒక్క ఆధారమైన తెల్ల చుక్కలు ఆ టేపు కింద సమాధి అయ్యాయి. బిల్లు తీసి చూస్తే అడుగున “డెకరేషన్ ఫ్రీ” అని రాసి, దాని కింద గీత కూడా కొట్టారు. అడగనిది ఇచ్చి, వద్దన్నది అంటించి, పైగా అది నాకు చేసిన ఉపకారమని లిఖితపూర్వకంగా తెలియజేశారన్నమాట. బిల్లు చదువుకోవడానికి అది సమయం కాదు, ఎందుకంటే పెద్దత్తగారు అప్పటికే పల్లవి ఎత్తుకున్నారు.

ఇక్కడ కొంత శాస్త్రం చెప్పక తప్పదు. ఆమెది నాలుగున్నర శ్రుతి. గిటారు మీద ఆ స్వరం ఐదో తీగ తొమ్మిదో మెట్టులో పలుకుతుంది. నాలుగో తీగ నాలుగో మెట్టులోనూ అచ్చంగా అదే స్వరం దొరుకుతుంది, అక్కడైతే చేతికి కూడా సుఖం. కానీ మెడ మీద చేయి ఎంత లోపలికి వెళితే చూసేవారి దృష్టిలో అంత విద్వాంసుడని నాకు అనుభవం మీద తెలుసు కనుక తొమ్మిదే ఎంచుకున్నాను. గిటారు మెడ మీద గుర్తులు మూడు, ఐదు, ఏడు, తొమ్మిది, పన్నెండు మెట్ల దగ్గర ఉంటాయి, పన్నెండు దగ్గర తీగ సరిగ్గా సగమై పై స్థాయి మొదలవుతుంది. అందువల్ల నాలుగో గుర్తు ఎక్కడుంటే అది తొమ్మిది, ఇందులో ఆలోచించవలసింది ఏమీ లేదు. నేను వంగి చూసి, నాలుగో పిట్టను వెతికి, దాని పొట్ట మీద వేలు నొక్కి, నిండుగా మీటాను.

చిట్టి గిటారులాంటి నాలుగు తీగల ఉకులేలే మీద, మాండొలిన్ మీద ఆనవాయితీగా తొమ్మిదికి బదులు పదో మెట్టుకు గుర్తు పెడతారు. ఆ దుకాణంలో మిగిలి ఉన్నది ఉకులేలే పిట్టల షీటు.

పదో మెట్టులో పలికేది ఐదు శ్రుతి. నాలుగున్నర పక్కనే ఐదు మోగితే ఎలా ఉంటుందో విన్నవారికి తెలుస్తుంది, విననివారు అదృష్టవంతులు. ఫోనులో శ్రుతి పెట్టె నాలుగున్నరలో మోగుతోంది, పెద్దత్తగారు నాలుగున్నరలో పాడుతున్నారు, నేను ఐదులో, అదీ మైకులో, బలంగా నిలబడి ఉన్నాను. ఆమె నా వైపు ఒక్కసారి చూశారు. ఆమె సంగీతం క్షుణ్ణంగా నేర్చుకున్న మనిషి, ఇంట్లో నూజివీడు వీణ ఉంది, స్వరం అరమెట్టు జారితే పక్క గదిలోంచి కూడా పట్టుకోగలరు. కానీ ఎదుట ఉన్నది అల్లుడు. నిశ్చితార్థం సభలో, కొత్త వియ్యంకుల ఎదుట, ఇంటి అల్లుడు అపశ్రుతిలో ఉన్నాడని ఏ అత్తగారు ఒప్పుకుంటుంది? ఆమె చిరునవ్వు చెదరనీయకుండా, అనుపల్లవి మధ్యలో, మర్యాదగా తన గొంతును ఐదుకు ఎత్తేశారు.

సరిగ్గా ఆ క్షణానికే నాకు సంగతి తెలిసింది. మెట్లు తలపెట్టు నుంచి ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుని, పిట్టను వదిలిపెట్టి, కిందికి జరిగి తొమ్మిదో మెట్టు నొక్కాను. ఇప్పుడు నేను నాలుగున్నర, ఆమె ఐదు. అది గమనించి ఆమె కిందికి దిగారు. ఆమె ఐదుకు వెళ్లారు కదా అని నేను మళ్లీ పిట్ట మీదికి ఎక్కాను. ఇరుకు సందులో ఎదురుపడిన ఇద్దరు పెద్దమనుషులు ఒకరికొకరు దారి ఇవ్వబోయి ఇద్దరూ ఒకే పక్కకు జరుగుతూ ఉంటారే, ఆ విధంగా మేము ఒక చరణం మొత్తం ఒకరినొకరు గౌరవించుకున్నాము. ఆమె నా కోసం దిగినప్పుడు నేను ఆమె కోసం ఎక్కాను, ఆమె ఎక్కినప్పుడు నేను దిగాను, ఈ మన్ననలో ఏ ఒక్కసారీ ఇద్దరమూ ఒకచోట కలవలేదు. సభలో ఒక చిన్న కుర్రవాడు చెవులు మూసుకుంటే వాళ్లమ్మ వాడి చేతులు కిందికి లాగింది. ఇంత గందరగోళంలోనూ మొదటి నుంచి చివరి దాకా నాలుగున్నర మీద నిజాయితీగా నిలబడినది ఆ ఫోనులోని శ్రుతి పెట్టె ఒక్కటే. మా బావమరిది స్నేహితుడొకడు సమయస్ఫూర్తితో వేదిక ఎక్కి, తేడాగా మోగుతున్నది అదేనని తీర్మానించి, దాన్ని కట్టేశాడు.

పాట ఎలా ముగిసిందో నేను చెప్పను.

చప్పట్లు మాత్రం గట్టిగానే మోగాయి. భోజనాల దగ్గర అందరూ వచ్చి గిటారును చూశారు, ఒక్కరంటే ఒక్కరు శ్రుతి మాట ఎత్తలేదు. మా అత్తగారు పిట్టల మీద మెల్లగా వేలు రాసి, “ఇన్నాళ్లకు దీనికి ఒక కళ వచ్చిందండీ” అన్నారు. వియ్యంకుడుగారు అవి చిలకలేనా అని అడిగారు. అవి హమ్మింగ్‌బర్డ్స్ అనీ, అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా ఉండవనీ, మన వైపు వాటి బదులు తేనెపిట్టలుంటాయనీ నేను వివరించబోతే, ఆయన “ఏదైనా మంచి శకునమే” అని తేల్చేసి పెరుగన్నంలోకి దిగారు. ఇక పెద్దత్తగారిని నేను తప్పించుకు తిరుగుతూ ఉంటే ఆమే పిలిపించారు. శ్రుతి గురించి అడుగుతారనుకుని ఉకులేలే కథంతా సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆమె అడిగింది వేరు.

“అల్లుడుగారూ, అలంకారం దండగ అని మీరు ఎప్పుడూ అంటుంటారు కదా. మరి మా వీణకు మెడ చివర చెక్కిన యాళి ముఖం ఉంది. అది మోగదు, మోగేదానికి సాయం చేయదు. దాన్ని కోసి పారేస్తే వీణ నా ఒళ్లో వీణలా ఉంటుందా?”

నా దగ్గర సమాధానం లేదు. యాళి ఎవరినీ పదో మెట్టు మీదికి తీసుకుపోదని అనవచ్చును గాని, వీణ ఇరవై నాలుగు మెట్లలో దేనికీ చుక్క గాని పిట్ట గాని లేకుండానే ఆమె జీవితమంతా వాయించారని అప్పటికప్పుడు గుర్తుకు వచ్చి, ఆ మాట నోట్లోనే మింగి, ఇంకొక బొబ్బట్టు వడ్డించుకున్నాను.

మర్నాడు దుకాణానికి ఫోన్ చేశాను. గిటారుకు ఉకులేలే గుర్తులు అంటించారని చెబితే యజమాని ఏమాత్రం చలించలేదు. “ఒక్క మెట్టే కదా సార్ తేడా, ఎవరు చూస్తారు?” అన్నాడు. ఎవరూ చూడలేదు, విన్నారు అన్నాను. అయితే తీసేయండి అంటే, అంటించడం ఫ్రీ గాని తీయడానికి లేబర్ చార్జీ అవుతుందట, గోకితే టేపుతో పాటు పాలిష్ కూడా వస్తుందేమోనట, అలా వస్తే దానికి ఆయన బాధ్యుడు కాడట. అడగకుండా చేసిన పనికి బిల్లు లేకపోవడం, ఆ పనిని రద్దు చేయమంటే బిల్లు పుట్టడం ఏ వ్యాపార సూత్రమో నాకు బోధపడలేదు. నాకు పిట్టలు వద్దు, నా చుక్కలు నాకు కావాలి అని గట్టిగా అడిగితే, “ముందు ఒక ఫోటో పెట్టండి సార్, చూసి చెబుతాను” అన్నాడు. వెలుతురు బాగా పడేలా కిటికీ దగ్గర నిలబెట్టి, పదో మెట్టు స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసి పంపించాను.

జవాబుగా బొటనవేలు బొమ్మ వచ్చింది. సాయంత్రానికి ఆ ఫోటో ఆయన వాట్సాప్ స్టేటస్‌లో ఉంది, కింద “మా కస్టమర్ గుంటూరు సార్ గారి గిటార్, డిజైన్ ఫ్రీ” అని ఉంది. అది ఏ దారిన చేరిందో తెలియదు గాని, మా బావమరిది నాకు ఫోన్ చేసి దుకాణం అడ్రసు అడుగుతున్నాడు.