ఎస్ఎస్ఎల్ దొరకట్లేదని దాన్నే తీసేయకండి

సోర్స్ నుంచి డేటాబేస్ కంపైల్ చేసేవాళ్లకి ఒక విన్నపం. బిల్డ్‌కి కావలసినవన్నీ ఉన్నాయా అని చూసే కాన్ఫిగర్ స్క్రిప్ట్ మధ్యలో ఆగి ‘ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీ కావాలి’ అంటే, ఎస్ఎస్ఎల్ (నెట్‌వర్క్ మీద వెళ్లే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) ఆప్షన్ పీకేసి ముందుకెళ్లకండి. ఈ సలహా నాకు ఎంతమంది ఇచ్చారో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ఒళ్లు మండింది.

ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ పని చేస్తున్నాం అప్పట్లో. వాళ్ల అప్లికేషన్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 9.3 వెర్షన్ మీద తప్ప నడవదు. పాత సర్వర్ పోయింది, కొత్తదాంట్లో ఉబుంటు 20.04. 2014 నాటి సోర్స్ తెచ్చి మొదలుపెట్టాను. స్క్రీన్ మీద వరసగా రెండు లైన్లు: క్రిప్టో లైబ్రరీకి ‘యెస్’, దాని వెనకే ఎస్ఎస్ఎల్ లైబ్రరీకి ‘నో’. రెండూ ఒకే ప్యాకేజీలో వచ్చేవి. ఒకటి ఉండి ఇంకోటి లేకపోవడం ఏంటి? ఆ ప్యాకేజీ, లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్, తీసేసి మళ్లీ వేశాను. అదే మాట.

పక్క సీటు అన్న వచ్చి చూశాడు. “తమ్ముడూ, ఎస్ఎస్ఎల్ లేకుండా కొట్టెయ్. పొద్దున్నే బ్రాంచీలు తెరుస్తారు” అన్నాడు. టెన్షన్ నాకూ ఉంది. కానీ ఒప్పుకోలేదు.

కాన్ఫిగర్ ఏం చేసిందో రాసిపెట్టే కాన్ఫిగ్.లాగ్ తెరిచాను. దాని చివర అంతా వేరియబుల్స్ చిట్టానే, అసలు సంగతి చాలా పైన ఉంటుంది. కాన్ఫిగర్ ఒక చిన్న సీ ప్రోగ్రామ్ రాసి, అందులో ‘ఎస్ఎస్ఎల్_లైబ్రరీ_ఇనిట్’ని పిలిచి, లింక్ అవుతుందా అని చూసింది. ఆ పేరు ఎక్కడా లేదని, ప్రోగ్రామ్‌ని లైబ్రరీలతో కలిపే లింకర్ చెప్పింది. 2016 ఆగస్టులో వచ్చిన ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.0లో ఆ ఫంక్షన్‌ని మాక్రోగా, అంటే హెడర్ ఫైల్‌లో మాత్రమే ఉండే మారుపేరుగా, మార్చేశారు. అంటే లైబ్రరీ ఉంది, ఆ పేరే లేదు! పోస్ట్‌గ్రెస్ వాళ్లు ఆ సెప్టెంబరులోనే ‘ఎస్ఎస్ఎల్_న్యూ’ని వెతికేలా సరిచేశారు, నా చేతిలో ఉన్నది అంతకు ముందు సోర్స్.

కాన్ఫిగర్‌లో పేరొక్కటి మారిస్తే సరిపోదు. 1.1.0 లోపలి స్ట్రక్చర్లనీ దాచేసింది కాబట్టి కంపైల్ దగ్గర మళ్లీ ఆగుతుంది. అందుకే పాత ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.2ని ఓపీటీ డైరెక్టరీ కింద విడిగా బిల్డ్ చేసి, హెడర్ల దారి, లైబ్రరీల దారి రెండూ ఇచ్చి, రన్ టైమ్‌లోనూ అదే దొరికేలా ఆర్‌పాత్ (ప్రోగ్రామ్ ఫైల్‌లోనే రాసిపెట్టే లైబ్రరీ దారి) పెట్టాను. 1.0.2కి ఉచిత సపోర్ట్ 2019తో ఆగిపోయింది కాబట్టి, అప్లికేషన్ మార్చేదాకా మాత్రమే ఇది అని క్లయింట్‌కి రాతపూర్వకంగా చెప్పాం.

అంత పట్టుదల ఎందుకంటారా? పోస్ట్‌గ్రెస్ క్లయింట్‌లో ఎస్ఎస్ఎల్‌మోడ్ డిఫాల్ట్ ‘ప్రిఫర్’. ముందు ఎస్ఎస్ఎల్ అడుగుతుంది, సర్వర్ ‘నా దగ్గర లేదు’ అంటే చడీచప్పుడు లేకుండా ఎన్‌క్రిప్షన్ లేకుండానే కనెక్ట్ అయిపోతుంది. వార్నింగ్ కూడా రాదు. ఎవరు ఎలా కనెక్ట్ కావచ్చో చెప్పే హెచ్‌బీఏ ఫైల్‌లో ‘హోస్ట్‌ఎస్ఎస్ఎల్’ (ఎస్ఎస్ఎల్ ఉంటేనే)ని ‘హోస్ట్’ (లేకపోయినా సరే) చేస్తే చాలు, అన్ని బ్రాంచీలూ పనిచేస్తాయి, అందరూ సంతోషిస్తారు. ఎవరి షుగర్ ఎంత, ఎవరి బయాప్సీలో ఏమొచ్చింది అన్నీ దారి పొడవునా తెరిచిన ఉత్తరాల్లా వెళ్తుంటాయి. మా అమ్మ రిపోర్టులూ అలాంటి సెంటర్లలోనే ఉంటాయి. ఒక్క రాత్రి నిద్ర మిగుల్చుకోడానికి నేను ఆ పని చేయలేను.

చాలాసార్లు కారణం ఇంకా చిన్నది. రెడ్‌హ్యాట్ వైపు ఓపెన్ఎస్ఎస్ఎల్-డెవెల్ ప్యాకేజీ వేయకపోవడం. మ్యాక్‌లో హోంబ్రూ (ప్యాకేజీలు వేసే టూల్) వేసిన ఓపెన్ఎస్ఎస్ఎల్ కంపైలర్‌కి తనంతట తను దొరకకపోవచ్చు, అప్పుడు దారి మనమే చూపించాలి. ఇంటెల్, ఏఎండీ మెషీన్ల 64 బిట్ లినక్స్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ 3ని సోర్స్ నుంచి వేస్తే ఫైళ్లు లిబ్‌లోకి కాదు, లిబ్64లోకి వెళ్తాయి. దీని దగ్గర నేను ఒక పూటంతా పోగొట్టుకున్నాను. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అయితే, దాని బిల్డ్ టూల్ సీమేక్ ఒకసారి పట్టుకున్న పాత దారినే క్యాష్‌లో ఉంచుకుంటుంది, బిల్డ్ డైరెక్టరీ మొత్తం చెరిపి, ‘విత్_ఎస్ఎస్ఎల్’కి సరైన దారి ఇచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

ఇవేవీ కాకపోతే కాన్ఫిగ్.లాగ్‌లో ఆ ‘నో’ పక్కన లింకర్ ఏమందో నాకు పంపండి. ఏ టైమైనా పర్లేదు, కూర్చుని చూస్తాను.