ఆటకు కాని తుపాకీ

షూటింగ్‌ను క్రీడగా సాధన చేసేవారికి పెద్ద బోరు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను, అంటే గొట్టం లోపలి వెడల్పు ఎక్కువగా ఉండి, మీట నొక్కినప్పుడల్లా ఒక గుండు పేల్చి తరువాతి తూటాను తామే ఎక్కించుకునే తుపాకులను కూడా అనుమతించాలన్న వాదన ఈ మధ్య తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఔత్సాహికుల నోట తరచుగా వినిపిస్తోంది. సెల్‌ఫోన్‌లో విదేశీ రేంజ్‌ల వీడియోలు చూసి పుట్టిన ముచ్చటగా దీన్ని కొట్టిపారేయవచ్చు. అయితే మన దగ్గర ముచ్చటకు పలుకుబడి తోడైతే అది వినతిపత్రంగా, వినతిపత్రం సిఫారసు లేఖగా, ఆ లేఖ ఎప్పుడో ఒకనాడు జీవోగానో గెజిట్‌గానో మారడం కొత్త కాదు. 'క్రీడ' అన్న పేరు అడ్డుపెట్టుకుని ఆయుధ చట్టంలో ఇంకొక సందు తెరవాలనే ఈ ఆలోచనను మొలక దశలోనే తుంచివేయాలని మేం కోరుతున్నాం.

ఆ కోరికలో తర్కమే లేదని మేం అనం. 5.56 మిల్లీమీటర్ల రైఫిల్ నుంచి వెలువడే గుండు బరువు సుమారు నాలుగు గ్రాములు, 7.62 మిల్లీమీటర్ల రైఫిల్ గుండు తొమ్మిది గ్రాములు దాటుతుంది. బరువైన గుండును ఎదురుగాలి, పక్కగాలి అంత తేలిగ్గా దారి తప్పించలేవు కనుక అయిదారు వందల మీటర్ల అవతలి లక్ష్యాన్ని కొట్టాలనుకునేవారు పెద్ద బోరు వైపే మొగ్గుతారు. అంత శక్తి ఉన్న తూటా తూటా తూటాకూ చేత్తో గడియ లాగి నింపే మామూలు బోల్టు రైఫిల్‌లో భుజాన్ని గట్టిగా తంతుంది. సెమీ ఆటోమేటిక్‌లో మందు కాలినప్పుడు పుట్టే వాయువులో కొంత భాగం లోపలి యంత్రాన్ని వెనక్కి నెట్టే పనికి ఖర్చవుతుంది. దానితో ఆ తన్ను మెత్తబడుతుంది, ఖాళీ తొడుగు దానంతటదే బయటపడుతుంది, తరువాతి తూటా దానంతటదే గొట్టం వెనుకకు చేరుతుంది. కాల్చేవాడి చెంప తుపాకీ కర్ర మీద నుంచి, కన్ను గురి మీద నుంచి కదలనక్కర లేదు. విదేశాల్లో దుప్పి, అడవిపంది వేటకు చిన్న బోరు చాలదనే అభిప్రాయమూ, వేగంగా కాల్చే పోటీలూ ఈ మోజుకు దన్ను. మన సైన్యమే 2019లో అమెరికా నుంచి 72,400 రైఫిళ్లను 7.62 బోరులో కొనడానికి ఒప్పందం చేసుకున్నాక, 'సైన్యం మెచ్చినదే మేమూ మెచ్చుతున్నాం' అనే మాట వారికి మరింత సులువైంది. రైఫిల్ బరువెక్కువ, తూటా ఖరీదెక్కువ అని తెలిసినా వారు వెనక్కి తగ్గరు.

ఇంతవరకు అర్థం చేసుకోదగినదే. మరి ఒక్క ప్రశ్న. బరువైన గుండు, దూరపు గురి, గాలిని తట్టుకునే శక్తి మాత్రమే కావాలంటే అంగుళాల లెక్కలో .30-06 అని పిలిచే బోరు బోల్టు రైఫిల్ సాధారణ లైసెన్సు మీదే దొరికే రకం. దాని తూటా శక్తిలో 7.62 కన్నా ఒక పిసరు ఎక్కువే గాని తక్కువ కాదు. ఇషాపూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో తయారయ్యే .315 రైఫిల్ కూడా ఉంది. అంటే చట్టం వీరికి పెద్ద బోరును నిరాకరించడం లేదు. నిరాకరిస్తున్నది మీట నొక్కినప్పుడల్లా ఒక్కో గుండు చొప్పున ఒకదాని వెంట ఒకటిగా మ్యాగజైన్ (తూటాల పెట్టె) ఖాళీ చేసే సదుపాయాన్ని. అసలు కోరిక అదే. బోరు గురించి, గాలి గురించి, గురి గురించి చెప్పే కబుర్లన్నీ దాని చుట్టూ కట్టిన దడి.

క్రీడకు ఆ సదుపాయం అవసరమా? 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం తెచ్చినది 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్. 2012లో లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచినదీ దానితోనే. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే పతకం సాధించిన 50 మీటర్ల రైఫిల్ బోరు .22. ఎయిర్ రైఫిల్ లక్ష్యం మధ్యలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, ఆవగింజ కన్నా చిన్నది. బిగుతైన జాకెట్ తొడుక్కుని, ఊపిరి బిగబట్టి, పది మీటర్ల దూరం నుంచి ఆ చుక్కను అరవై సార్లు వెతుక్కునే పిల్లలకు క్షణానికొక గుండు పేల్చే యంత్రంతో పనేమిటి? పెద్ద బోరుతో 300 మీటర్ల పోటీలు కూడా ఉన్నాయి, నిజమే. అక్కడా ఒక్కో తూటాను చేత్తో పెట్టి నిదానంగా కాల్చడమే పద్ధతి. ఒలింపిక్ ర్యాపిడ్ ఫైర్ పోటీలో వాడే పిస్టల్ సెమీ ఆటోమేటిక్కే కదా అని ఎవరైనా అడగవచ్చు. అవును, 2012లో విజయ్ కుమార్ రజతం గెలిచినది అలాంటి దానితోనే. కానీ అది .22 బోరు, పాతిక మీటర్ల పోటీ. సెమీ ఆటోమేటిక్ అన్న మాట వింటేనే మేం బెదిరిపోవడం లేదు. యుద్ధానికి తయారైన తూటా, యుద్ధానికి తయారైన వేగం, రెండూ ఒకే తుపాకీలో ఒక పౌరుడి ఇంటి బీరువాలోకి రావడాన్నే మేం వ్యతిరేకిస్తున్నాం.

బ్రిటిష్ పాలకులు భారతీయులను నిరాయుధులను చేయడానికి తెచ్చిన 1878 నాటి చట్టపు వాసన ఇంకా పోలేదని, పౌరుణ్ణి అనుమానించే బుద్ధి ప్రభుత్వం మానుకోవాలని ఔత్సాహికులు అంటున్నారు. చరిత్ర వరకు ఆ మాట కాదనలేం. తన సైన్యపు .303 తూటా జనం తుపాకుల్లో పట్టకూడదనే ఆనాటి ప్రభుత్వం .315 బోరును ముందుకు తెచ్చింది. అయితే స్వతంత్ర భారత పార్లమెంటు 1959లో కొత్త చట్టం చేసినప్పుడు కూడా సైన్యం ఆయుధానికీ పౌరుడి ఆయుధానికీ మధ్య గీతను చెరపలేదు. తుపాకీ కలిగి ఉండటం ఇక్కడ అమెరికాలో మాదిరి ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 2023లో గుర్తు చేసింది. అంతకు మించి చర్చ అనవసరం.

మా భయమంతా ఆనవాయితీ గురించే. ఆయుధ చట్టంలో ఒకసారి ఇచ్చిన మినహాయింపు వెనక్కి వచ్చిన దాఖలా అరుదు. పెరిగిన దాఖలా మాత్రం కళ్లముందే ఉంది. 2019 డిసెంబరులో పార్లమెంటు మామూలు పౌరుడు ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. మొదట ఒకటి చాలని ప్రతిపాదించి, ఒత్తిడికి లొంగి రెండు చేసింది. సుమారు రెండు నెలలకే, 2020 ఫిబ్రవరిలో, అంతర్జాతీయ స్థాయి షూటర్ల పరిమితిని ఏడు నుంచి 12కు పెంచుతూ హోంశాఖ ఉత్తర్వు వెలువడింది. పతకాలు తెచ్చేవారికి అది న్యాయమే కావచ్చు. కానీ దిశ గమనించాలి: పౌరుడికి తగ్గుతున్నది, 'క్రీడ' అన్న చీటీ చూపినవాడికి పెరుగుతున్నది. ఇక ఆ చీటీ మీద యుద్ధ తుపాకీ కూడా రావచ్చని ఒక్కసారి తేలితే, క్లబ్బు సభ్యత్వం కోసం క్యూ కట్టేవారిలో ఎందరు అర మిల్లీమీటరు చుక్క కోసం వస్తారు? ఈ రోజు ఒకరికి ఇస్తే రేపు పదిమందికి ఎందుకు ఇవ్వరని కోర్టు మెట్లెక్కుతారు. అప్పుడు ప్రభుత్వ న్యాయవాది ఏమని చెబుతాడు?

'మా ఔత్సాహికులు క్రమశిక్షణ గలవారు' అన్న హామీకి విలువ ఎంతో విదేశాల అనుభవం చెబుతోంది. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని బలిగొన్నవాడు చట్టప్రకారం లైసెన్సు పొందినవాడు, ఒక రైఫిల్ క్లబ్బు సభ్యుడు. నెల తిరగకుండానే ఆ దేశ పార్లమెంటు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో అత్యధిక భాగాన్ని నిషేధించింది. 1996లో ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది మరణించారు. ఆ హంతకుడి చేతిలోని రైఫిళ్లలో ఒకటి మన పోలీసులు ఏళ్ల తరబడి మోసిన ఎస్‌ఎల్‌ఆర్ జాతిదే, అంటే పెద్ద బోరు సెమీ ఆటోమేటిక్కే. ఆ తరువాత అక్కడి ప్రభుత్వం జనం దగ్గరి నుంచి ఆరు లక్షలకు పైగా తుపాకులను డబ్బిచ్చి మరీ వెనక్కి తీసుకుంది. ముందు ఇచ్చి, శవాలు లేచాక వెనక్కి తీసుకోవడం ఆ దేశాలకు తప్పలేదు. ఇవ్వకుండా ఉండే వెసులుబాటు మనకు ఇంకా ఉంది. పైగా 2015 నవంబరులో పట్టపగలు కార్పొరేషన్ కార్యాలయంలోనే మేయరును కాల్చి చంపిన ఊరు చిత్తూరు. తుపాకీ మీద జనానికి ఉన్న భయం ఇక్కడ ఊహ కాదు.

ఈ వాదనలోని కపటం కూడా చెప్పుకోవాలి. పలమనేరు, కుప్పం వైపు అడవి అంచున వేరుశనగ వేసిన రైతు మంచె మీద రాత్రంతా కావలి ఉంటాడు. ఎక్కడో ఒకరిద్దరి దగ్గర పంట రక్షణ లైసెన్సు మీద ఒంటి గొట్టం తుపాకీ ఉంటుంది. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీచు కుక్కి, రవ్వలు వేసి, కడ్డీతో దట్టిస్తే ఒక్కసారి పేలుతుంది. రెండోసారి దట్టించేలోపు పంది చేను మేసి వెళ్లిపోతుంది. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే ఆ రైతు దాన్ని గోనెసంచిలో చుట్టి స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకుంటాడు. మళ్లీ చేతికి వచ్చేదాకా డబ్బా కొట్టుకుంటూ పంటను కాపాడుకుంటాడు. పోటీలకు వెళ్లే రైఫిల్ అసోసియేషన్ సభ్యులకు ఆ అప్పగింత నుంచి మినహాయింపు ఉంది. చేనుకు కావలి ఉన్నవాడి నాటు గొట్టాన్ని శాంతిభద్రతల పేరిట తాళం వేసే వ్యవస్థ, వారాంతపు సరదాకు సైనిక రైఫిల్ ఇవ్వడం గురించి ఆలోచించడానికైనా సిగ్గుపడాలి.

షూటింగ్ మీద నిజమైన ప్రేమ ఉన్నవారు అడగవలసినవి వేరే ఉన్నాయి. పేద ఇంటి పిల్ల కూడా సాధన చేయగలిగేలా ప్రభుత్వ పాఠశాలలకు ఎయిర్ రైఫిళ్లు, పెల్లెట్లు, శిక్షకులను అడగాలి. తిరుపతిలో .22 సాధనకు తగిన 50 మీటర్ల వసతులను అడగాలి. అవి అడగడానికి నోరు రానివారు యుద్ధ తుపాకీ కోసం గొంతు చించుకుంటే వారి ప్రేమ ఆట మీద కాదని చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది.

ఇక ప్రజాప్రతినిధులకు ఒక మాట. ఇలాంటి దరఖాస్తు మీ ముందుకు వస్తే సిఫారసు లేఖ రాసే ముందు అందులో ఒక వాక్యం మీ చేతిరాతతో చేర్చండి: ఈ రైఫిల్ ఏ పోటీకి, ఎన్ని మీటర్ల దూరానికి, ఏ రేంజ్‌లో కాల్చడానికి. ఆ మూడింటికీ జవాబు రాయలేకపోతే పెన్ను మూసి జేబులో పెట్టుకోండి, దరఖాస్తుదారుడు మీ బావమరిది అయినా సరే.