వెనక్కి గెంతే రొయ్య

మీసాలున్న ప్రతివాడూ గొప్పవాడు కాదని చెప్పడానికి మన పెద్దలు ‘రొయ్యకు లేదా బారెడు మీసం’ అని ఎగతాళి చేశారు. ఆ సామెతను రద్దుచేసి రొయ్యకు బహిరంగంగా క్షమాపణ చెప్పాలని నా మనవి. మన చట్టంలో దానికి దక్కిన మర్యాద ఏ మీసానికీ దక్కలేదు.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఒక తొందరపాటు పని చేసింది. సంప్రదాయ సాగును మినహాయించి, తీర నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులన్నిటినీ 1997 మార్చి 31 లోపు తీసేయాలంది. పంటపొలాలను, మడ అడవులను చెరువులుగా మార్చవద్దంది. పాడుచేసినవాడే సొమ్ము కట్టాలని కూడా అంది. రొయ్య మాత్రం కంగారు పడలేదు. ఆపద ముంచుకొస్తే తోక విదిల్చి వెనక్కి గెంతడం దాని పుట్టు విద్య. పార్లమెంటు ఆ విద్య నేర్చుకుంది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేస్తూ, 1991 ఫిబ్రవరి 19 నాటి తీర నియంత్రణ నిషేధాలు ఈ సాగుకు వర్తించవని, ఆ రోజు నుంచే వర్తించనట్టు భావించాలని రాసింది. ఒక్క గెంతుకు 14 ఏళ్లు! ఇంత దూరం మన చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్య కూడా గెంతలేదు, అది లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం నుంచి వచ్చినదే అయినా.

ఆ చట్టం వెంట వచ్చిన మార్గదర్శకాలు 5 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు మురుగునీటి శుద్ధి ఉండాలన్నాయి. చిన్న చెరువుల మురుగు అమాయకమైనదన్నమాట. పదిమంది అమాయకులు ఒకే కాలువలోకి వదిలితే ఏమవుతుందని అడగడం అమర్యాద. పైగా పక్క చెరువువాడు తోడుకునేది ఆ కాలువ నీరే. రొయ్యలను చంపే తెల్లమచ్చ తెగులు ఇల్లిల్లూ తిరగడానికి అంతకంటే మంచి దారి ఏముంటుంది?

చెరువుల్లో పెంచితే సముద్రానికి భారం తగ్గుతుందని కొందరు అంటారు. మేత బస్తా విప్పి వాసన చూడండి. సముద్రంలో పట్టి, ఎండబెట్టి, పొడికొట్టిన చిన్న చేపలు పలకరిస్తాయి.

అర్ధరాత్రి కరెంటు పోతే జనరేటర్ దగ్గరకు పరుగెత్తే కౌలు రైతును నేను ఏమీ అనను. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకెత్తి టార్చి వెలుగులో రొయ్య పేగు చూసే ఆయన ముఖంలో పరీక్ష ఫలితాల కోసం చూసే తండ్రి కనిపిస్తాడు.

నా బాధ వేరు. చుట్టూ చెరువులు వచ్చాక మా బోరు నీళ్లతో వండితే పప్పులో ఉప్పు వేయనక్కర్లేదు. కాకపోతే పప్పు ఉడకదు. పక్క చేలో గట్టు వెంబడి తెల్లటి పొర పేరుకుంది. వేలితో గీరి నాలుకకు రాసుకుంటే సందేహం తీరుతుంది. అందుకే దరఖాస్తు సిద్ధం చేశాను: ‘మా బోరు నీళ్లు 1991 ఫిబ్రవరి 19 నుంచి తియ్యగానే ఉన్నట్టు భావించ ప్రార్థన.’

జవాబు వచ్చేదాకా నీళ్ల డబ్బాల ఆటోయే గతి. పొద్దున్నే చెరువు యజమాని, నేను పక్కపక్కన నిలబడతాం. ఆయన రెండు డబ్బాలు ఎక్కువ తీసుకుంటూ, “మన ఊరి నీళ్లు ఏమీ బాగాలేవండీ” అంటారు.