మహారాజశ్రీ మధ్యగత ఆదాయం గారి సముఖమునకు

మహారాజశ్రీ మధ్యగత కుటుంబ ఆదాయం గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమరు కూడా క్షేమమని, అయితే ఆ క్షేమానికి అటూ ఇటూ కొంత తేడా ఉంటుందని, సర్వే అంకెల మర్యాద ప్రకారం ఆ మాట కూడా 90 శాతం నమ్మకంతోనే అనవలసి ఉంటుందని తలుస్తాను.

అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు దక్షిణపు కొసన, బొగ్గు కొండల నడుమ మెక్‌డోవెల్ అనే కౌంటీ ఉన్నది. ఆ పేరు వినగానే మనవాళ్లకు గుర్తుకు వచ్చే సీసాకూ దీనికీ సంబంధం లేదు. అక్కడి కుటుంబాల రాబడి ఏళ్ల తరబడి ఎలా మారిందో ఒక్క గీతలో చూపుదామని కూర్చున్న నాకు, తమరు నిలకడగా ఒకచోట నిలబడే రకం కాదని తెలిసివచ్చింది.

2000 జనగణనలో తమరు సూటిగానే మాట్లాడారు. 1999లో ఈ కౌంటీ మధ్యగతం 16,931 డాలర్లు, దేశానిది 41,994. అంటే కుటుంబాలన్నిటినీ రాబడి వరుసన పంక్తిలో కూర్చోబెడితే సరిగ్గా నడిమి విస్తరి ముందున్న ఇంటికి ఏడాదికి దక్కినది అంత. అదే అంకెను 2019 డాలర్లలోకి మారిస్తే, ఎవరి జేబులోనూ ఒక్క సెంటు చేరకుండానే దాదాపు 26 వేలవుతుంది.

ఆ తరువాత జనగణనలోని పెద్ద ప్రశ్నపత్రాన్ని ఎత్తివేసి, ఏడాది పొడవునా సాగే అమెరికన్ కమ్యూనిటీ సర్వేను పెట్టారు. అప్పటినుంచి తమరి దర్శన నియమాలు మారిపోయాయి. జనాభా 65,000 దాటిన చోట ఏటేటా దర్శనమిస్తారు. దాటని చోట ఐదేళ్ల జవాబులను కలగలిపి ఒకే అంకెగా ప్రసాదిస్తారు. బొగ్గు గనులు జోరుగా సాగిన 1950లో మెక్‌డోవెల్ జనాభా 98,887. అప్పుడే ఈ సర్వే ఉండి ఉంటే తమరు ఏటా పిలవకుండానే వచ్చేవారు. 2020 నాటికి అక్కడ మిగిలినది 19,111 మంది. ఏమవుతున్నదో తెలుసుకోవలసిన అవసరం ఎక్కువైన చోటికే తమరి రాక తగ్గింది.

ఐదేళ్ల అంకె అయినా ఏటా కొత్తది వస్తున్నది కదా అని సంతోషించబోయాను. 2015–2019 అంకెనూ 2016–2020 అంకెనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాలుగేళ్లు రెండింటికీ ఉమ్మడి. నిన్నటి పులుసులోంచి ఒక గరిటె తీసేసి, ఇవాళ ఒక గరిటె పోసి, కొత్త పులుసు అని వడ్డించినట్టున్నది. పైగా ప్రతి ఇంటినీ అడిగేది గడిచిన పన్నెండు నెలల రాబడి గనుక, 2016 జనవరిలో జవాబు చెప్పినవారు నిజానికి చెప్పినది 2015 సంగతి. ఏటా ఒక అంకె కావాలంటే తమరి తమ్ముడుగారొకరున్నారు. పన్ను రిటర్నుల వంటివాటిని సర్వేకు జోడించి, గణిత నమూనా కట్టి, ప్రతి కౌంటీకీ లెక్క చెబుతారు. ఆయన మర్యాదస్తుడే గాని, ఆయన చెప్పేదీ అంచనాయే.

పంక్తిలో ఎవరిని కూర్చోబెడతారన్నది ఇంకొక ముచ్చట. తమరు చోటును చూస్తారే తప్ప మనుషుల వెంట వెళ్లరు. ఎడమ కొసనున్న పది పేద ఇళ్లు ఖాళీ అయితే నడిమి విస్తరి కుడికి జరుగుతుంది, మధ్యగతం పెరిగిందని తమరు ప్రకటిస్తారు. గనిపనితో మంచి రాబడి తెచ్చే పడుచువాళ్లు వలసపోతే అదే విస్తరి ఎడమకు జరుగుతుంది. ఈ కౌంటీలో ఒక ఫెడరల్ జైలు కూడా ఉన్నది. అందులోని ఖైదీలు జనాభాలో ఉంటారు గాని పంక్తిలో ఉండరు.

నన్ను ఎక్కువగా ఆపినది, పేదలు తిండి కొనుక్కునేందుకు ప్రభుత్వం పెట్టిన ఆహార కూపన్ల సంగతి. ఇప్పుడు కార్డు రూపంలో సాగుతున్న ఆ పథకం 1961 మే 29న మొదలైనది ఈ కౌంటీలోనే. పని లేని ఒక గని కార్మికుడి ఇంటికి, పదిహేను మంది తినే ఇంటికి, 95 డాలర్ల కూపన్లు అందాయి. వాటితో మొదట కొన్నది పంది మాంసమూ చిక్కుడు గింజలూ కలిపిన ఒక డబ్బా. ఆ సాయం తీసుకుంటున్నారా లేదా అని సర్వేలో విడిగా అడుగుతారు గాని, దాని విలువను రాబడిలో కలపరు. ఆ పథకానికి పుట్టినిల్లయిన చోట కూడా తమరి కంటికి ఆ డబ్బా కనబడదు.

చివరకు గీత గీయడం మానుకున్నాను. 1999 మీద ఒక చుక్క పెట్టి, 2005–2009, 2010–2014, 2015–2019 మీద మూడు అడ్డపట్టీలు వేసి, ఒక్కో పట్టీకి పైనా కిందా తమరి మీసాలు, అంటే అంకె అటూ ఇటూ ఎంత తేడా పడవచ్చో చూపే గీతలు, తగిలించాను. చూసిన పెద్దమనిషి ఆ మీసాల వంక కాసేపు తేరిపార చూసి, “ఇంతకీ పెరిగిందా, తగ్గిందా?” అని అడిగాడు. ఆ ప్రశ్నను యథాతథంగా తమరికే పంపుతున్నాను. జవాబును ఏ ఏడాది డాలర్లలో వ్రాస్తున్నారో దయచేసి పైన తెలుపగలరు.

ఇట్లు,
తమరి విధేయుడు, ఐదేళ్ల అంకెల నడుమ సగం నిద్రలో