సవరణ: ఆయా సంస్కృతం కాదండి

మొన్న ఆదివారం పోస్ట్‌లో, ఆస్పత్రుల్లో ఆయా అంటాం చూడండి, ఆ మాట 'ఆర్య' నుంచి వచ్చిందని రాశా కదా, తప్పు. సంస్కృతం 'ఆర్య' నుంచి 'అయ్య', ఆ 'అయ్య'కి ఆడరూపం ఆయా అయ్యుంటుందిలే అని నేనే ఊహించేసుకున్నా, ఎక్కడా చెక్ చేయలేదు.

డిక్షనరీలు చూస్తే అది పోర్చుగీసు 'ఐయా', అంటే పిల్లల్ని చూసుకునే ఆవిడ, దాని వెనకాల లాటిన్ 'అవియా' ఉంది, అంటే అమ్మమ్మో నానమ్మో. మన మేస్త్రీ, అలమారా కూడా ఆ పోర్చుగీసు ఓడల్లో దిగినవే. ఇంగ్లీషువాళ్లు ఈ మాట ఇక్కడికొచ్చి నేర్చుకున్నారు, వాళ్లు తెచ్చింది కాదు.

ఇంకోటి, విశాఖ కేజీహెచ్ ఆస్పత్రి దగ్గర టీ కొట్లో మా ఫ్రెండు ఇస్తాంబుల్ ఆయా సోఫియా మసీదు పేరులో ఆయా కూడా ఇదేనా అంటే గ్లాసు పట్టుకుని అవునని తలూపేశా, అదీ కాదు, అది గ్రీకు 'హాగియా', పవిత్రమైన అని, టర్కీవాళ్ల నోట్లో ఆయా అయింది. అరబ్బీలో ఆయా అంటే గుర్తు, ఖురాన్ వాక్యం కూడా. 'ఆయా ఊళ్లు' అన్నప్పటి ఆయా మాత్రం అచ్చంగా మనదే, 'ఆ', 'ఆ' కలిసింది.

పాత పోస్ట్‌లో ఆ లైన్ తీసేశా, షేర్ చేసినవాళ్లు ఇది కూడా పెట్టేయండి.