పంచభూతాలకు బీమా

ఐస్‌లాండ్ ఖరీదైన దేశమని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తుంటారు. మన రూపాయి ఒకటి ఇస్తే వాళ్ల క్రోనా ఒకటి వచ్చి, పైన చిల్లర కూడా మిగులుతుంది. డాలరు ముందు, పౌండు ముందు తరాల తరబడి చేతులు కట్టుకుని నిలబడిన రూపాయి కాలు మీద కాలు వేసుకుని కూర్చోగల దేశం అది. అలాంటి దేశాన్ని ఖరీదైనదనడం కృతఘ్నత. గిన్నెడు సూపుకు రెండు వేల పైచిలుకు క్రోనాలు తీసుకుంటారంటే తప్పు సూపుదే తప్ప క్రోనాది కాదు.

అమెరికా నుంచి యూరప్ వెళ్లే తెలుగు కుటుంబాలకు ఈ దేశం దారిలోనే తగులుతుంది. మధ్యలో నాలుగు రోజులు దిగినా టికెట్టు ధర పెరగదని విమాన సంస్థ ఊరిస్తుంది. అలా ఆదా అయిన డబ్బు ఎక్కడికి పోతుందో తెలియాలంటే కెఫ్లావిక్ విమానాశ్రయం దగ్గర అద్దె కార్ల కౌంటరు ముందు నిలబడాలి. అక్కడ కారు ఇవ్వడం చివరి పని. అంతకు ముందు జరిగేదంతా సృష్టి తత్త్వం మీద ఉపన్యాసం.

మూల బీమా అద్దెలోనే కలిసి ఉందని ముందుగా శుభవార్త చెబుతారు. అంటే కారుకు ఏమైనా అయితే మొదటి కొన్ని లక్షల క్రోనాలు మీరు కడతారు, ఆపైన కంపెనీ చూసుకుంటుంది. ఈ ఏర్పాటు నచ్చనివారికి పంచభూతాలను ఒక్కొక్కటిగా పరిచయం చేస్తారు.

మొదటిది పృథివి. దీనికి కంకర బీమా. ఎదురుగా వచ్చే కారు చక్రం కింది రాయి లేచి మీ అద్దానికి తగిలితే పనికొస్తుంది. దేశం చుట్టూ తిరిగే ఒకటో నంబరు రహదారి 1,300 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, ఇప్పుడు దాదాపు అంతా తారు రోడ్డే. అయితే మీకు ఫొటోలు కావలసిన చోట్లన్నీ పక్కదారుల్లో ఉంటాయి, పక్కదారుల్లో కంకర ఉంటుంది. ఈ అమరికలో కంపెనీ ప్రమేయం ఏమీ లేదు.

రెండోది తేజస్సు, అంటే అగ్ని. దీనికి ఇసుక, బూడిద బీమా. 2010లో ఎయ్యాఫ్యాట్లయోకుల్ అనే అగ్నిపర్వతం పేలి యూరప్ విమానాలను రోజుల తరబడి నేల మీద కూర్చోబెట్టింది. వార్తలు చదివేవాళ్లకు ఆ పేరు పలకడమే అప్పట్లో పెద్ద విపత్తు. ఆ బూడిదను లోకం మరిచిపోయింది, బీమా పత్రం మరవలేదు. విమానాశ్రయం ఉన్న ద్వీపకల్పంలోనే 2021 నుంచి మళ్లీ లావా పొంగుతోంది, 2023 నవంబరులో గ్రిండవిక్ అనే ఊరిని ఖాళీ చేయించారు కూడా. కాబట్టి కౌంటరులోని అమ్మాయి బూడిద గురించి అడిగినప్పుడు నవ్వకూడదు. ఆమె నవ్వడం లేదు. దక్షిణ తీరపు నల్ల ఇసుక మైదానాల్లో గాలి లేస్తే కారు రంగు గీకేసినట్టు ఊడిపోతుంది. కొత్త రంగుకు వేసే బిల్లు చూశాక, కారే కొనేసి ఉంటే పోయేదేమో అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

వాయువు దగ్గరికి వచ్చేసరికి కౌంటరు స్వరం మారుతుంది. దీనికి మామూలుగా బీమా దొరకదు. తలుపు తెరిచినప్పుడు గాలి దాన్ని లాగి వెనక్కి మడిచేస్తే ఖర్చంతా అద్దెకు తీసుకున్నవారిదేనని చాలా కంపెనీల ఒప్పందాల్లో రాసి ఉంటుంది. అది ప్రకృతి వైపరీత్యం కాదట, మీ అజాగ్రత్తట. అగ్నిపర్వతం పేలితే మీ తప్పు లేదు, తలుపు తీస్తే ఉంది. పేలుడు ఎప్పుడో గానీ జరగదు కాబట్టి దానికి బీమా అమ్ముతారు. గాలి రోజూ వీస్తుంది కాబట్టి దాన్ని మినహాయింపుల్లో పెడతారు. బీమా వ్యాపారపు ప్రాణసూత్రాన్ని ఇంత నిజాయితీగా రెండు వరుసల్లో రాసిపెట్టిన పత్రం ఇంకొకటి ఉండదు.

అందువల్ల కారు దిగడం అక్కడ ఒక క్రతువు. ముందు గాలి ఎటు నుంచి వస్తోందో తేల్చాలి. కారు ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపాలి. తలుపును రెండు చేతులతో పట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు, పెద్దవాళ్లు ముందు దిగాలి. అటూ ఇటూ తలుపులు ఒకేసారి తెరిచారా, అల్లుడుగారి టోపీ, అత్తగారి శాలువా, ఒడిలోని కాగితాలు అన్నీ సముద్రం దారి పడతాయి. ఆ కాగితాల్లో బీమా పత్రం కూడా ఉండవచ్చు. జలపాతం దగ్గర అయిదు నిమిషాలు నిలబడి చూసేందుకు పావుగంట దిగే కార్యక్రమం, పావుగంట ఎక్కే కార్యక్రమం. అలాగని జలపాతానికి రుసుము ఉందని అపార్థం చేసుకోకండి, జలపాతం ఉచితం. దాని ముందు కారు ఆపడమే ఉచితం కాదు. సేలియలండ్స్‌ఫోస్ అనే జలపాతం దగ్గర, థింగ్వెట్లిర్ జాతీయోద్యానం దగ్గర, హిమానీనదాల అంచున ఉన్న స్కాఫ్తాఫెల్ దగ్గర అంతే. నంబరు పలకను కెమెరా చదువుకుంటుంది, మనిషి కనబడడు. ఉత్తరాన అకురేరి అనే ఊరి పక్కన కొండ కింద 2018 చివర్లో తెరిచిన సొరంగానిదీ ఇదే పద్ధతి. గేటు ఉండదు, ఆపేవారు ఉండరు, డబ్బు ఆన్‌లైన్‌లో మీరే గుర్తుపెట్టుకుని కట్టాలి. మరిచిపోతే బిల్లు కంపెనీకి వెళ్లి, అక్కడ దాని సేవా రుసుమును వెంటబెట్టుకుని మీ కార్డు మీదికి వస్తుంది. మన టోల్‌గేటు దగ్గర కనీసం వాదించడానికి ఒక మనిషి దొరుకుతాడు.

పెట్రోలు ఖర్చు తప్పించుకుందామని విద్యుత్ కారు అడిగే తెలివైనవారికి మరో సమాచారం. 2024 జనవరిలో విద్యుత్ కార్లకు కిలోమీటరుకు 6 క్రోనాల పన్ను వేశారు. తెలివిని ప్రభుత్వం గమనిస్తూనే ఉంటుందని దీన్నిబట్టి ధైర్యంగా ఉండవచ్చు.

ఇక నీరు. దీనికీ మామూలుగా బీమా దొరకదు. దేశం నడిబొడ్డున నంబరు ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండదారులు ఉంటాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండి లేనిదే వాటిలోకి వెళ్లకూడదు. వెళ్లాక దారి చాలాచోట్ల నేరుగా నదిలోకి దిగుతుంది, వంతెన ఉండదు. నదిలో ఇంజను ఆగిపోతే ఇంజను మీదే, నది మాత్రం దేశానిది.

వంతెన కట్టినచోట నీళ్లు ఏం చేశాయో కూడా చెప్పుకోవాలి. రహదారి వలయం పూర్తి కాకుండా చాలాకాలం అడ్డుపడింది స్కేదరా నది ఇసుక మైదానమే. 1974లో, అంటే ఆ నేల మీద తొలి స్థిరనివాసానికి 1,100 ఏళ్లు నిండాయని ఉత్సవాలు చేసుకున్న ఏడాదిలో, దేశంలోకెల్లా పొడవైన వంతెన కట్టి వలయం పూర్తి చేశారు. 1996లో హిమానీనదం కింద అగ్నిపర్వతం పేలి, నవంబరులో వచ్చిన వరద వంతెనలో కొంత భాగాన్ని విరిచి తీసుకుపోయింది. మళ్లీ కట్టారు. 2009లో నది తన దారి తాను మార్చుకుని పక్క నదిలో కలిసిపోయింది. వంతెన పొడి ఇసుక మీద మిగిలింది. ఇంజినీర్లు ఓడించలేని నదులు చాలా ఉన్నాయి కానీ, గెలిచాక వదిలేసి వెళ్లిపోయిన నది అరుదు. అప్పటి వరదలో మెలిపడిన ఉక్కు దూలాలను రోడ్డు పక్కన స్మారకంగా పెట్టారు. పర్యాటకులు వాటి ముందు ఫొటో దిగుతారు, తలుపు జాగ్రత్తగా పట్టుకుని.

ఇన్ని భయాల మధ్య అసలు కారు నడపడం చిన్న విషయం. 1968 మే 26 నుంచి అక్కడ కుడివైపు నడుస్తున్నారు, కాబట్టి ఇండియాలో నడిపి అలవాటైన చేతులు వైపరు తిప్పి మలుపుకు సంకేతం ఇచ్చామనుకుంటాయి. తారు రోడ్డు మీద 90, కంకర మీద 80 దాటకూడదు. ఒంటివరుస వంతెన దగ్గర ముందు వచ్చినవారు ముందు పోతారు. ఈ నియమం మనవాళ్లకు బాగా తెలుసు, ఇద్దరూ మేమే ముందు వచ్చామంటారు. వేసవిలో గొర్రెలు స్వేచ్ఛగా తిరుగుతాయి, వాటికి మాత్రం ఏ నియమమూ లేదు. అదృశ్యంగా ఉండే జనం కొందరు రాళ్లలో నివసిస్తారన్న నమ్మకం కూడా ఆ దేశంలో ఉంది. రాజధాని పక్కన ఒక కొత్త రోడ్డు పనిలో, వాళ్ల గుడిగా భావించే పెద్ద బండను పగలగొట్టకుండా 2015లో ఎత్తి పక్కకు జరిపారు. రోడ్డు మధ్యలో మైసమ్మ గుడిని వదిలి చుట్టూ తారు పోసే హైదరాబాదువాళ్లకు ఇందులో వింత కనిపించదు. కనిపించని వాళ్ల బండకు దొరికిన మర్యాద కనిపించే మన అద్దానికి దొరకదన్నదే బాధ.

చివరిది ఆకాశం. ఉత్తర ధ్రువ కాంతులు చూడడానికే చాలామంది చలికాలంలో వస్తారు. దీనికి బీమా లాంటిది నిజంగానే ఉంది, కాకపోతే కార్లవాళ్ల దగ్గర కాదు, బస్సులవాళ్ల దగ్గర. ఆ రాత్రి కాంతులు కనబడకపోతే మర్నాడు ఉచితంగా మళ్లీ తీసుకెళతామని చాలా బస్సు సంస్థలు మాట ఇస్తాయి. అందుకే కంకరకు, బూడిదకు బీమా కట్టి తెచ్చుకున్న కారును రాజధాని రేక్యావిక్‌లో గంటల లెక్కన డబ్బు కట్టి ఒక పక్కన ఆపి, కుటుంబమంతా నడిచి వెళ్లి బస్సు స్టాపులో నిలబడుతుంది.