ప్లానింగ్ చదివితే బతుకుదెరువు ఉందా?

హనుమకొండలో ఇళ్ల ప్లాన్లు గీసి పర్మిషన్లు తెచ్చే మామకూ, హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో టౌన్ ప్లానింగ్ డిగ్రీ సీటు కావాలంటున్న మేనకోడలికీ మొన్న మా ఇంట్లో జరిగిన వాదన ఇది. నేను పిల్ల పక్షమే.

మామ: సివిల్ తీసుకో బిడ్డా. 2022లో 175 టీపీబీఓ (టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్) పోస్టులు వేస్తే సివిల్ డిప్లొమా ఉన్నా చాలన్నారు. నాలుగేళ్లు చదివి పాలిటెక్నిక్ పిల్లగాడి పక్కన కూర్చుని అదే పరీక్ష రాస్తావా? అది కూడా పేపర్ లీకేజీ గొడవలో వాయిదా పడె.

మేనకోడలు: ఆ తప్పు చదువుదా మామా? రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖలకు 12 వేలకు పైగా ప్లానర్లు కావాలని 2021లో నీతి ఆయోగే చెప్పింది. మంజూరైనవి 4 వేల లోపే, వాటిలోనూ దాదాపు సగం ఖాళీ. చాలా రాష్ట్రాల్లో ఆ ఉద్యోగానికి ప్లానింగ్ డిగ్రీ తప్పనిసరి కూడా కాదట. దాని ఫలితం మనం చూడలేదా? 2020 ఆగస్టులో నయీంనగర్‌లో అత్తమ్మ వాళ్లింట్లో ఫ్రిజ్ తేలింది, గోడ మీద బురద గీత నా నడుము దాకా ఉండె, సున్నం వేసినా మళ్లీ పైకి తేలింది. నాలా ఎటు పారుతుందో చూసి ఇళ్లకు హద్దు గీసేవాళ్లు ఉండాలా వద్దా?

మామ: ఉండాలి. జీతం ఎవరిస్తారు? నోటిఫికేషన్ పడేదాకా ఆ ఖాళీ నీకు అన్నం పెట్టదు. కన్సల్టెన్సీలు మాస్టర్ ప్లాన్ నడిచినన్నాళ్లు పెట్టుకుంటాయి, అది అయిపోతే ఇంటికి పొమ్మంటాయి.

మేనకోడలు: అది నిజమే, నాకూ టెన్షన్ ఉంది. అందుకే జీఐఎస్, అదే కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే పని, గట్టిగా నేర్చుకుని, గేట్ పరీక్ష రాసి విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో పీజీ చేస్తా. కేంద్రం అమృత్ పథకం కింద పట్టణాల మాస్టర్ ప్లాన్లు జీఐఎస్ మీదే చేయిస్తున్నారు.

మామ: అప్పటిదాకా ఫీజులు మీ నాన్నే కట్టాలె.

మేనకోడలు: నాన్న డబ్బులు ఆ ప్లాట్‌లో ఇరుక్కున్నాయి. చూపించింది నువ్వే కదా? లేఅవుట్‌కు అనుమతి లేక, 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్‌ఆర్‌ఎస్ కింద, అంటే ప్లాట్‌ను క్రమబద్ధం చేయమని, అప్లికేషన్ పెట్టుకోవాల్సి వచ్చె.

మామ: అప్పుడు గజం చవక, అందరూ కొన్నారు!

మేనకోడలు: దాని ముందు రోడ్డు ఎన్ని అడుగులు?

మామ: ఇరవై.

మేనకోడలు: నువ్వు చూపించిన కాగితంలో?

మామ: ...ముప్పై. రోడ్డు సంగతి తర్వాత, ముందు హాస్టల్ ఫీజు ఎంతో చెప్పు.